అమ్మవారు కోరిన ఆట

సముద్రం మీద జాలర్లను కాచే మాజు అమ్మవారి పుట్టినరోజుకు చేతిబొమ్మలాట ఆడటం తెక్‌బూన్ ఇంటి వంతు. ఆ ఏడు సర్కారు ఆంక్ష పెట్టింది. ఆట సర్కారు భాష మాండరిన్‌లోనే ఆడాలి. కథలో సైన్యం కమ్యూనిస్టులను పట్టుకోవాలి.

తెక్‌బూన్‌కు ఆ భాష నోరు తిరగదు. అతను ఆడాలనుకున్నది ఉప్పుమడి ముసలమ్మ కథ. దాన్ని అతని భార్య ఊరి భాషలో అల్లింది. ఆమె పోయి ఏడాది కాలేదు. ఆ ఆటా ఆగిపోతే ఆమెదంటూ ఏదీ మిగలదు.

"ఆమోదించిన ఆట వెయ్యి ముసలాయనా. లేదంటే నీ బొమ్మలు స్టేషన్‌లో ఉంటాయి," అన్నాడు కానిస్టేబుల్ జోంగ్, గుడి వాకిట్లో నిలబడి.

"ఆట అమ్మవారి కోసం కదా సారూ. ఏది కావాలో ఆవిడనే అడుగుదాం," అంది గుడి చూసుకునే లీఖిం. ఆమె తెక్‌బూన్ మరదలు. అక్క మంచాన పడ్డప్పుడు ఒక్కనాడూ తొంగిచూడలేదు. అంత్యక్రియల నుంచి అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు.

జోంగ్ ఆ తీరానికి కొత్త. నవ్వాడు. "అడుగు. మీ అమ్మవారికి మాత్రం సర్కారంటే భయం ఉండదా?"

అక్కడే బోల్తా పడ్డాడు. నలుగురి ముందు అడిగాక అమ్మవారి మాట కాదనడానికి లేదు. వలలు మోసుకెళ్తున్న జాలర్లు ఆగిపోయారు.

లీఖిం అమ్మవారి జవాబు చెప్పే నెలవంక చెక్కలు రెండూ నేల మీద వేసింది. "సర్కారు ఆట కావాలా తల్లీ?"

రెండూ చదునువైపు పైకి ఉండేలా పడ్డాయి.

"అమ్మవారు నవ్వుతోందిరోయ్!" అన్నాడొక జాలరి. గుంపంతా నవ్వింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు జోంగ్, చెవులు ఎర్రబడగా. అమ్మవారు మళ్ళీ నవ్వింది.

"మా అక్క ఆట కావాలా?"

ఒకటి చదునువైపు పైకి, ఒకటి బోర్లా. అవునంది.

జోంగ్ చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. రేపటి నుంచి బతకాల్సింది వీళ్ళ మధ్యే. "నేను భోజనానికి పోతున్నా. నెమ్మదిగా తింటాను," అని వెళ్ళిపోయాడు.

తెక్‌బూన్ లీఖిం వైపు తిరిగి అడిగాడు. "ఎందుకు చేశావు?"

"నీ ముఖం చూసి కాదులే బావా. అక్క మాటలు ఇంకోసారి వినాలని."

"అయితే ముసలమ్మ మాటలు నువ్వే పలుకు. నాకు ఆడగొంతు రాదు."

తెర వెనుక లీఖిం నోరు విప్పగానే అతని వేళ్ళు బొమ్మలోనే ఆగిపోయాయి. అచ్చం భార్య గొంతు. తొంగిచూడని ఆ నెలలను అతను క్షమించలేదు, క్షమించడు. అయినా బొమ్మ చేత ముందు అమ్మవారికి మొక్కించాడు. తరువాత, కథలో లేకపోయినా, పక్కకు తిప్పి లీఖింకు వంగి మొక్కించాడు.

"ఆట సంగతి చూడు బావా," అందామె, కళ్ళు తుడుచుకుంటూ.