ఎడమ పక్క సీటు

“అద్దం చూశారా అమ్మా?”

టైలరమ్మ గబుక్కున అద్దంలోకి చూసింది. చూపు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పేలోగా కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. వెనకాల వ్యానువాడు ఆపకుండా హారన్ కొట్టాడు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

“కొట్టుకోనివ్వండి. వాడూ ఇలాగే నేర్చుకున్నాడు. కాకపోతే మర్చిపోయాడు,” అన్నాడు మాస్టారు.

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ మాస్టారనే అంటారు. బక్కపల్చటి మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఎడమ పక్క సీట్లో, కుడి కాలు అదనపు బ్రేకు మీద ఆనీ ఆననట్టు పెట్టుకుని కూర్చుంటాడు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఆ కాలు ఊరుకోదు. భార్య కాస్త గొంతు పెంచితే చాలు, పాదం నేలను నొక్కుతుంది. “నాక్కూడా బ్రేకేనా?” అని నవ్వుతుందావిడ.

కేకలేసి నేర్పడం ఆయనకి చేతకాదు. నిద్రపోయిన పసిపిల్ల తల కిందనుంచి చెయ్యి తీసుకున్నట్టు క్లచ్ వదలమంటాడు. స్టీరింగ్ గొంతు నులమొద్దంటాడు. మలుపు దగ్గర మాత్రం వేళాకోళం ఉండదు. కనపడలేదు కాబట్టి ఎవరూ లేరనుకోవద్దని, ప్రతి మలుపులోనూ, అదే మొదటిసారన్నట్టు చెబుతాడు.

బట్టలు కుట్టే టైలరమ్మకి ఏభై దాటాయి. భర్తకి పక్షవాతం వచ్చింది. ఇంటి ముందు కారుంది, నడిపే చెయ్యే పడిపోయింది. ఆస్పత్రికి వెళ్ళాల్సినప్పుడల్లా ఎవరినో ఒకరిని బతిమాలుకోలేక నేర్చుకోవడానికొచ్చింది.

బడి వీధిలోకి ఎడమవైపు తిరగమన్నాడు మాస్టారు. మెడ తిప్పి చూశాడు. వీధి ఖాళీగా ఉంది. “తిప్పండి,” అన్నాడు.

కారు సగం తిరిగి టక్కున ఆగింది. ఆయన ముందుకు తూలి, చేత్తో డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఎందుకు ఆగిందో అర్థంకాక తల ఇంకా తిప్పితే అప్పుడు కనిపించింది, తన తలుపుకి మూరెడు దూరంలో సైకిలు మీద ఓ చిన్నపిల్ల. ఒక కాలు నేలమీద ఆనించి, కళ్ళు పెద్దవి చేసుకుని తననే చూస్తోంది. తర్వాత జడ వెనక్కి విసురుకుని తన దారిన తాను వెళ్ళిపోయింది.

ఆయన కాలు బ్రేకు మీదే ఉంది. నొక్కలేదు.

“సమయానికి మీరు బ్రేకు వేశారు కాబట్టి సరిపోయింది మాస్టారూ,” అంది టైలరమ్మ.

అవునంటే అయిపోయేది.

“నేను కాదమ్మా. మీరే వేశారు.”

ఆవిడ తన పాదంకేసి చూసుకుంది. ముఖం మెల్లగా విప్పారింది. “మీరు చూసే ఉంటారు. నేనేం చేస్తానో చూద్దామని ఊరుకున్నారు కదూ?”

ఆయన మెడ పూర్తిగా తిప్పి, సైకిలు వెళ్ళిన వైపు మళ్ళీ చూశాడు.

వానాకాలంలోనే కంటి డాక్టరు చెప్పాడు. ఎడమ కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన పక్క చూపు మళ్ళీ రాదనీ, మిగిలింది చుక్కల మందుతో కాపాడుకొమ్మనీ, కారు పని మానెయ్యమనీ. ఇంట్లో చత్వారమని చెప్పి తప్పించుకున్నాడు. స్కూల్లో అదీ చెప్పలేదు. ఎడమకి ఒరిగి కూర్చుని, మెడ కొంచెం ఎక్కువ తిప్పితే సరిపోతుందనుకున్నాడు. పండగ వెళ్ళనీ, పరీక్షలు అవనీ అన్నట్టు ఏదో ఒక వంకతో రోజులు దొర్లించాడు. ఈ పని మానేస్తే తనని మాస్టారని పిలిచేదెవరు? ఆ పిలుపు కోసం ఎందరు పిల్లల్ని ఆ కంటి పక్కనుంచి పోనిచ్చాడో ఇప్పుడు లెక్కకి అందలేదు.

క్లాసు అయ్యాక తాళాలు యజమాని బల్ల మీద పెట్టి, కంటి సంగతి చెప్పాడు. ఆపరేషన్ చేయించుకుని రమ్మన్నాడు యజమాని. అది ఆపరేషన్‌తో పోయేది కాదని మాస్టారు చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని యజమాని అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది మాస్టారికి.

“టైలరమ్మగారిని కొత్తగా వచ్చే ఆయనకి అప్పగించండి. కసరొద్దని చెప్పండి. ఆవిడ కాలు మంచిది,” అని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

భార్యకీ అంతా చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు. ఆయన ఎడమ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తీసి కుడి పక్కన పెట్టింది.

“నాకు తెలుసండీ,” అంది. “మీరే చెబుతారని చూస్తున్నాను. నేనూ ఇన్నాళ్ళు ఆగకుండా ముందే అడగాల్సింది.”

మర్నాడు పొద్దున్నే కొత్త మాస్టారు కారెక్కాడు. పొడుగు మనిషి, తల కారు కప్పుకి తగిలింది. సీటు మీద పాత మాస్టారు వేసుకునే దూది మెత్త తీసి వెనక సీట్లోకి విసిరాడు. టైలరమ్మ దాన్ని అద్దంలో చూసింది. ఎప్పుడూ ఎడమకే ఒరిగి కూర్చున్న మనిషి బరువుకి అది ఒక పక్క అట్టలా అణిగిపోయి, రెండో పక్క కొత్తదానిలా ఉబ్బి ఉంది.