చాప మీద నల్లరాళ్లు

ఆరేళ్ల వసీతిని పూడ్చిన మూడో రోజు ఆరోగ్య అధికారి ఊళ్లోకొచ్చాడు. సమావేశపు ఇంట్లో మగవాళ్లు యంగోనా మొక్క వేళ్ల పొడిని నీళ్లలో పిసికి, ఒకే కొబ్బరిచిప్పతో వరసగా తాగుతున్నారు. అధికారి బూట్లు విప్పకుండా చాపలు తొక్కుకుంటూ వచ్చి, చెక్కగిన్నె ఎత్తి గుమ్మం బయట పారబోశాడు.

"మీ జబ్బు ఇదీ! ఊరంతా ఒకే చిప్పకి మూతిపెడితే టైఫాయిడ్ రాక ఏమొస్తుంది?"

మగవాళ్లంతా తలొంచుకున్నారు, చచ్చిపోయిన పిల్ల తండ్రి కూడా. ఊరి ఆరోగ్య కార్యకర్త లనియానా సబ్బుల పెట్టె పట్టుకుని గుమ్మంలోనే ఉంది. యంగోనా బూడిదరంగులో ఉంటుంది. ఇది ఎర్రగా పారింది.

నిరుడు కలప కాంట్రాక్టరు, ఊరి కొళాయికి నీళ్లొచ్చే కొండ ఊట పైన శిబిరం వేసినప్పటి నుంచి ఆ నీళ్లు ఎర్రవే.

అధికారికి తెలియనిది లనియానాకు తెలుసు. శుభ్రమైన గ్రామం పోటీలో గెలవాలని, జ్వరం వచ్చిన ఇళ్లను ఆమే దాచింది. పుస్తకంలో జలుబు అని రాసింది. గెలిచారు కూడా. ఆ బహుమతి బోర్డు ఊరి మొదట్లో మెరుస్తూనే ఉంది.

మర్నాడు ఆడవాళ్లు చాపలల్లుతుంటే వెళ్లి, చెప్పేసింది.

"దాచానమ్మా. మొదటి జ్వరమప్పుడే అరిచుంటే వసీతి బతికేదేమో."

వసీతి తల్లి తితీలియా చేతిలో అల్లే ఆకు వదల్లేదు. ఏడవలేదు.

ముసలి విలీసి మాత్రం ఊరుకోలేదు. "నువ్వొక్కదానివే దాచావా? నా కోడలి జ్వరం నేను దాచలా? బోర్డు కోసం ఊరంతా దొంగలమే. ఏడుపు ఆపి ఏం చెయ్యాలో చెప్పవే."

"ఇంటికో రాయి పెడదాం పెద్దమ్మా. జ్వరమొస్తే నల్లది, లేకపోతే తెల్లది. ఈసారి దాచొద్దు."

సగం అల్లిన చాపే ఊరయింది. మధ్యలో ఆకు పరిచి, ఇది ఏరు అన్నారు. నలభై ఇళ్లు. కొళాయి గొట్టం వెంబడి వరసగా నల్లరాళ్లే పడ్డాయి. వాననీళ్లు పట్టుకుని తాగే అవతలి గట్టున ఒక్కటే నల్లరాయి. అది రోజూ ఇవతలికొచ్చి యంగోనా తాగిపోయే మనిషిది.

"చిప్పదీ తప్పుంది, ఒప్పుకుందాం," అంది లనియానా. "కానీ..."

"నా పిల్ల ఏ గిన్నె దగ్గర కూర్చుని తాగింది?" అంది తితీలియా.

అదే ఆమె మొదటి మాట. ఏడుగురు ఆడవాళ్లు ఊట చూడ్డానికి అప్పుడే కొండెక్కారు. శిబిరం మరుగుదొడ్ల గుంటలు ఊట నెత్తిన ఉన్నాయి. కారుతున్నాయి.

వాళ్లు దిగొచ్చి చెబితే ఊరిపెద్ద సెమీసి చిరాకుపడ్డాడు.

"చూశారు, బాగుంది. మాట ఇచ్చాం కదా! కాంట్రాక్టరు యంగోనా వేళ్లకట్ట పెట్టి అడిగాడు, ఊళ్లో పెద్దవాడు అపిసాయి తాత సరేనని ముట్టుకున్నాడు, అందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు కాదంటామా?"

"మాట మీరిచ్చారు, జ్వరం మాకొచ్చింది," అంది విలీసి. "పంచుకోవడం భలే తెలుసయ్యా మీకు!"

అపిసాయి మూల కూర్చుని వింటున్నాడు.

శనివారం కాంట్రాక్టరు మళ్లీ వచ్చాడు. పై అడవి కూడా కావాలట. మనిషెత్తు వేళ్లకట్ట తెచ్చి చాప మీద పెట్టించాడు. ఊళ్లో వయసులో పెద్దవాడు దాన్ని ముట్టుకోవాలి. జనం దొప్పచేతులతో ముమ్మారు చప్పట్లు కొట్టాలి. అంతే, అడవి పోయినట్టే.

ఆడవాళ్లు పిలవకుండానే లోపలికొచ్చారు. రాళ్ల చాపను నలుగురు పట్టుకొచ్చి, ఆ కట్ట పక్కనే దించారు. లనియానా ముందుకొచ్చి రాళ్లు చూపించింది.

"ఈ నల్లవి జ్వరాలు. ఈ పెద్దది వసీతి. దాచినదాన్ని నేనే. ఇక దాచను. శిబిరం కొండ దిగాలి."

కాంట్రాక్టరు నవ్వాడు. "రాళ్లాటలా? సెమీసీ, కానివ్వు."

సెమీసి చప్పట్లు కొట్టాడు. ఒక్కడే. ఆ చప్పుడు ఇంట్లో దిక్కులేనిదైపోయింది. రెండోసారి చేతులెత్తి, చుట్టూ చూసి, దించేసుకున్నాడు. అందరి చేతులూ మోకాళ్ల మీదే ఉన్నాయి.

అపిసాయి లేచాడు. కట్టను భుజానికెత్తుకుని, వంగిపోతూ బయటికి నడిచి, కాంట్రాక్టరు లారీలో పడేశాడు.

"ఆనాడు ముట్టుకున్నది నేనే. ఇదుగో, తీసుకెళ్లు."

ఆ మధ్యాహ్నమే ఊరంతా కొండదారికి అడ్డంగా కూర్చుంది. పోలీసులొచ్చారు. "ఎవరు కూర్చోబెట్టారు?" అన్నారు.

"నేనే," అని లనియానా లేవబోయింది. అపిసాయి ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"నువ్వు జ్వరాలు చూడాలి తల్లీ. నాకు కూర్చోవడం తప్ప ఏమొచ్చు? అదేదో స్టేషన్లోనే కూర్చుంటా."

ముసలాయన్ని జీపెక్కించారు. ఎవరూ దారి మీంచి లేవలేదు. ఆ పూటకి రెండిళ్లలో కొత్త జ్వరాలు. లనియానా ఆ చాప మీదే ఇంకో రెండు నల్లరాళ్లు పెట్టింది.

పొద్దున్నే ఏటి దిగువ ఊరి ఆడవాళ్లు కాలినడకన వచ్చారు. నెత్తిన ఒక చాప, ఒడిలో రాళ్లు.

"మా నీళ్లూ ఎర్రవే అక్కా. మాకూ నల్లవే ఎక్కువ," అంటూ చిన్న వేళ్లకట్ట దారి మీద పెట్టారు. "మీతో కూర్చుంటాం."

మరిగించి చల్లార్చిన నీళ్లలో యంగోనా పిసికారు. ఎవరి చిప్ప వాళ్లదే. కట్టను ముట్టుకునే పెద్దాయన లాకప్పులో ఉన్నాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తితీలియా ముందుకొచ్చి, ఆ వేళ్ల మీద చెయ్యి వేసింది.

జనం దొప్పచేతులెత్తి ముమ్మారు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి, పైన శిబిరంలో పొద్దుటి నుంచి మోగుతున్న రంపాలు ఆగాయి.