ఇసుక తోసే బండి

ఎండాకాలమంతా ఒమాన్ ఎడారిలో మహూత్ ఊరికి వెళ్లే రోడ్డు మీద ఇసుక పేరుకుంటూనే ఉంటుంది. లారీతో దాన్ని పక్కకు తోయడం లింబాద్రి డ్యూటీ.

లారీ ముందు బిగించిన ఇనుప పలక ఏదో చలిదేశంలో మంచు తోయడానికి చేసింది. పాతబడ్డాక కంపెనీ కొని తెచ్చింది. ఎత్తి దించడానికి, పక్కలకు తిప్పడానికి దానికి జాకీలున్నాయి. అడుగున రోడ్డును గీరే పట్టీ, వెనక లావుపాటి స్ప్రింగులు. గట్టిదేదైనా తగిలితే పలక ముందుకు వంగి దాన్ని దాటిపోతుంది, స్ప్రింగులు మళ్లీ నిలబెడతాయి. కానీ ఇసుక మంచు కన్నా బరువు. దిబ్బ తగిలినప్పుడల్లా పలక వంగేది, ఇసుక కింద నుంచి జారిపోయేది. లింబాద్రి వెనక్కి వచ్చి మళ్లీ తోసేవాడు.

ఒక మధ్యాహ్నం క్యాంపులో ఫిట్టర్ ఖమరుద్దీన్ దగ్గరికి వెళ్లాడు. ఆయనది కడప.

"భాయ్, ఒక్క దిబ్బకు ఎన్నిసార్లు తిరగాలె? రెక్కలు గుంజుతున్నయ్. ఈ పలక వంగకుంట ఏమన్న చెయ్యరాదా?"

"గొలుసేసి బిగిస్తే వంగదులే. రాయి తగిల్తే మాత్రం దెబ్బంతా నీకే."

"ఇసుకల రాయెక్కడిది? బిగియ్యి భాయ్. జల్ది అయితే ఇంత పండుకుంట."

పొద్దున్నుంచీ జనరేటర్ కింద పడుకుని పనిచేసిన ఖమరుద్దీన్‌కు వాదించే ఓపిక లేదు. గొలుసు బిగించాడు.

కొన్నాళ్లు పని తొందరగా తెమిలింది. ఒక ఉదయం దిబ్బలో కూరుకుపోయిన కాంక్రీటు దిమ్మ పలకకు తగిలింది. పలక వంగలేదు. లారీ గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయింది. స్టీరింగ్ ఛాతీకి కొట్టుకుని లింబాద్రికి ఊపిరాడలేదు. ఎలాగో దిగి, చక్రం నీడలో కూర్చుని ఖమరుద్దీన్‌కు ఫోన్ చేశాడు.

ఖమరుద్దీన్ పికప్‌లో వచ్చాడు. ఫ్రేము విరిగి పలక ఒక పక్కకు వేలాడుతోంది. అటు చూడకుండా ముందు లింబాద్రి పక్కటెముకలు తడిమాడు.

"నొప్పి పెడతాందా?"

"ఊపిరి తీస్తె కుచ్చినట్టయితుంది."

"గొలుసేసింది నేను. ఫోర్‌మన్‌కు నేనే చెప్తా."

"నువ్వెందుకు చెప్తవ్? అడిగింది నేను గద."

దిబ్బ అవతల బండ్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆసుపత్రికి పోవాలన్నా అటే పోవాలి. ఖమరుద్దీన్ పికప్‌లోంచి పార తీశాడు. లింబాద్రి లేవబోతే, "కూర్చో అబ్బా, నువ్వు పడితే మోసేదెవరు?" అని కసిరాడు. ఆగిన బండిలోంచి ఒక ఒమానీ పెద్దాయన దిగి, ఏమీ అడగకుండా పికప్‌లో ఉన్న రెండో పార అందుకున్నాడు. ఒక బండి పట్టేంత దారి అయ్యాక ఖమరుద్దీన్ లింబాద్రిని ఆసుపత్రికి తీసుకుపోయాడు. పక్కటెముకలు చిట్లాయన్నారు.

ఫోర్‌మన్ ఇద్దర్నీ తిట్టాడు. ఫ్రేము అతికించి, గొలుసు తీయించాడు. ఎముకలు అతుక్కునేదాకా లింబాద్రి రూమ్‌లోనే ఉన్నాడు గానీ, ఏ పక్కకు తిరిగినా నొప్పితో నిద్ర పట్టేది కాదు.

మళ్లీ డ్యూటీ ఎక్కాక పలకను కొంచెం ఎత్తి, దిబ్బను పైపైన పొరలుగా తోయడం మొదలుపెట్టాడు. అలా చేస్తే వంగడం తగ్గింది, తిరగడం పెరిగింది. పొద్దు వాలాక రూమ్‌కు వస్తే ఖమరుద్దీన్ అన్నం మూతపెట్టి ఉంచేవాడు. లింబాద్రి తిని, చెప్పులు విడవకుండానే మంచం మీద వాలిపోయేవాడు.