వదలండి అనే మాట

ఎడమ కాలి బొటనవేలిని గమనించమన్నారు. సిస్టరమ్మ గమనించింది. దాని పక్కన ఆనెకాయ ఉంది, పొద్దున చెప్పు రాసుకుని ఇంకా మండుతోంది. ఆ మంటను మంచీ చెడూ అనుకోకుండా ఊరికే చూడాలట. మంటను మంట అనుకోకుండా ఎలా చూస్తారో ఆమెకు అంతుపట్టలేదు. ముప్పై ఏళ్లుగా వార్డుల్లో నిలబడ్డ కాళ్లు అవి. వాటిని గమనించడం మొదలుపెడితే ఈ వారానికి తెమలదు.

చాప పలచగా ఉంది, నడుము నేలకు ఒత్తుకుంటోంది. పక్క చాప మీది ఫిజియోథెరపిస్టు అప్పుడే గురక పెడుతున్నాడు. గోడవారన కూర్చున్న శిక్షకురాలు తేనె పూసిన గొంతుతో ఇక కుడి కాలికి వెళ్లమంది. ఆమె ఒళ్లో చిన్న కంచు గిన్నె, చేతిలో దాన్ని మోగించే కర్ర. సిస్టరమ్మ ఆమెకు గిన్నె మేడం అని పేరు పెట్టింది. తన వయసులో సగం ఉండే ఆ పిల్ల మీద పగేమీ లేదు. ఆ గొంతంటేనే గిట్టదు. అరవకుండా, కసరకుండా మనిషి చేత పని చేయించొచ్చని నమ్మే గొంతు అది.

ఆసుపత్రిలో కొత్త విభాగం పెడుతున్నారు. దిగులుతో, భయంతో, నిద్రలేమితో వచ్చేవాళ్లకు మందులతో పాటు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పుతారట. అంటే ఊపిరినీ ఒంటినీ మనసునూ ఉన్నవి ఉన్నట్టు గమనించుకోవడం. శిక్షణలో నెగ్గితే అక్కడ పగటిపూట, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నెగ్గకపోతే మళ్లీ వార్డులో రాత్రి డ్యూటీ. మోకాళ్ల కోసమే చేరానని సిస్టరమ్మ అందరితో చెప్పింది. ఇంట్లో ఊపిరాడని అన్న ఉన్నాడనీ, అతన్ని రాత్రుళ్లు ఒంటరిగా ఉంచలేననీ ఎవరితోనూ అనలేదు. అంటే జాలిపడతారు. జాలిపడే ముఖం చూస్తే ఆమెకు ఒళ్లు మంట.

మొదటి రోజు నుంచీ ఇక్కడ ఏదీ అచ్చిరాలేదు. ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, చూసి, వాసన చూసి, నాలుక మీద ఉంచుకుని మెల్లగా తినమన్నారు. మిగతావాళ్లు కళ్లు మూసుకుని తన్మయులవుతుంటే ఆమె అప్పటికే మింగేసి నీళ్లు తాగింది. అన్నమే నిలబడి తినే మనిషికి ఎండుద్రాక్ష ఒక లెక్కా?

గిన్నె మోగింది. ఇవాళ మిగతావాళ్ల చేత సాధన చేయించే వంతు ఆమెది. సరిగ్గా చేయిస్తే గిన్నె మేడం సంతకం పెడుతుంది. సిస్టరమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“కళ్లు ముయ్యండి. కదలకండి. మీరు, ఆ కళ్లజోడు తీసి పక్కన పెట్టండి. గాలి పీల్చండి. బయటికి తొయ్యండి. ఊఁ, తొయ్యండి!”

“ఏంటి సిస్టరమ్మా, మాకు కాన్పు చేయిస్తున్నారా?” అన్నాడు ఫిజియోథెరపిస్టు కళ్లు తెరవకుండానే. గది గొల్లుమంది. గమనించవలసిన ఊపిరంతా నవ్వుకే ఖర్చయిపోయింది.

గిన్నె మేడం కూడా నవ్వాపుకోలేకపోయింది. “తోయడం కాదు సిస్టర్. ఊపిరి వదలండి, అనాలి. ఇంత చిన్న మాట, ప్రతిసారీ మింగేస్తారెందుకు?”

“అనబుద్ధి కాదు.”

“ఆ అనబుద్ధి కాకపోవడాన్ని కూడా గమనించండి.”

సిస్టరమ్మ పళ్లు కొరికింది. వార్డులో ఆ మాటకు ఒకటే అర్థం, చావు. కిటికీ పక్క పెద్దాయన వదిలేశాడని డ్యూటీ మారేటప్పుడు చెప్పుకుంటారు. బయట బెంచీ మీద కూర్చున్న భార్యల దగ్గరికి, కొడుకుల దగ్గరికి ఆ మాట మోసుకెళ్లింది ఎప్పుడూ తనే. డాక్టర్లకు సరిగ్గా ఆ సమయానికి ఏదో ఒక పని తగిలేది. బతికున్న మనిషితో ఆ మాట అనకూడదని ఆమెకొక పట్టింపు. మూఢనమ్మకం అంటే మూఢనమ్మకమే. చెబితే దాన్నీ గమనించమంటారని నోరు విప్పలేదు.

“రేపు ఇంకోసారి చేయించండి,” అంది గిన్నె మేడం. “మీరు ఆర్డర్లు వేస్తున్నారు సిస్టర్. వచ్చేవాళ్లు అసలే బెదిరిపోయి ఉంటారు. ఆ మాట, ఆ మెత్తదనం రాకపోతే నేను సంతకం పెట్టలేను. ఏమీ అనుకోకండి.”

“అనుకోకుండా ఉండటమే కదా నేర్పుతున్నారు,” అంటూ సిస్టరమ్మ చాప చుట్టేసింది. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పు లేదని ఆమెకు తెలుసు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

ఇల్లు చేరేసరికి ఇంకా కాస్త వెలుతురుంది. చెప్పులు గుమ్మం పక్కకు విసిరికొట్టింది.

“పోయిందా?” అన్నాడు అన్న, మంచం మీద దిండ్లకు ఆనుకుని.

“నీకెవరు చెప్పారు?”

“నీ చెప్పులే చెప్పాయి. ఏం రాలేదంట దొరసానికి?”

“ఊపిరి.”

“నాకూ రావట్లేదు. ఇద్దరం ఒకే క్లాసు.” నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చింది. సిస్టరమ్మ వెళ్లి వీపు రాయలేదు. ఇన్‌హేలర్ అతని ఒళ్లోకి విసిరింది.

నూలు మిల్లులో దూది దుమ్ము అతని ఊపిరితిత్తుల్ని తినేసింది, మిషన్ల మోత చెవుల్ని తినేసింది. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఒకరి మీద ఒకరు అరుచుకుంటూనే ముసలివాళ్లయ్యారు. నేర్చుకున్నది రోజూ ఇంట్లో ఎవరో ఒకరి చేత చేయించాలని శిక్షణలో నియమం. ఆమెకున్న ఎవరో ఒకరు ఇతనే. ఆమె స్టూలు లాక్కుని కూర్చోగానే “మొదలెట్టు నీ పురాణం” అనేవాడు. చెవిమిషన్ తీసి, స్విచ్ ఆపకుండానే గుప్పిట్లో మూసేవాడు. అది కుయ్‌మని కూసేది. ఆమెకు చిర్రెత్తే దాకా కూయించి, పక్కనున్న స్టీలు గ్లాసులో టంగుమని పడేసేవాడు. ఆమె తిట్టుకుంటూ ఆ చెవిటి చెవికే పాఠమంతా అప్పజెప్పేది.

“అయితే రాత్రి డ్యూటీయేనా?” అన్నాడు.

“వేస్తే వేస్తారు. నీకేం నష్టం? నా పీడ విరగడవుతుంది.”

“వదిలితే హాయిగా పడుకుంటా.” అతను గోడవైపు తిరిగి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

వంటగదిలో కుళాయి తిప్పి, ముఖం కడుక్కుని, ఒక గ్లాసు నీళ్లు తాగి వచ్చి సిస్టరమ్మ స్టూలు లాక్కుంది. లైటు వేయలేదు. దుప్పటి లోంచి అతని ఛాతీ పిల్లికూతలు వినిపిస్తున్నాయి. మిషన్ ఈపాటికి గ్లాసులో పడేసే ఉంటాడు, వినని చెవికి ఏ మాటయితేనేం అనుకుంది. రేపటికి నోరు తిరగాలి.

“కళ్లు మూసుకో. ఊపిరి పీల్చు.” గొంతు సవరించుకుంది. “వ... వదులు.”

పిడుగేమీ పడలేదు. ఇంకోసారి అంది. మూడోసారికి గొంతులో గరుకు తగ్గింది. ఎవరూ వినడం లేదన్న ధీమాతో గొంతు ఇంకా దించింది. “మెల్లగా... వదిలెయ్ అన్నయ్యా. నేనిక్కడే ఉన్నా.” ఆ చివరి మాట పాఠంలో లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. గిన్నె మేడం వింటే ఇప్పుడే సంతకం పెట్టేదనుకుంది. నేర్పినట్టే తనూ కళ్లు మూసుకుంది. ఇన్నాళ్లలో మొదటిసారి మోకాళ్ల నొప్పి తెలియలేదు, ఆనెకాయ గుర్తు రాలేదు.

కళ్లు తెరిచేసరికి పిల్లికూతలు లేవు.

నిద్రపట్టిందని ఒక్క క్షణం అనుకోవడానికి చూసింది. ఆమె చేయి అప్పటికే అతని ముక్కు దగ్గరుంది. తర్వాత మణికట్టు పట్టుకుంది, తర్వాత మెడ. ఆ ఊపిరితిత్తులు ఏనాడో చేతులెత్తేశాయని డాక్టరు చెప్పాడు. మాటకు మనుషులు పోరని ఆమెకు తెలుసు. అలవాటుగా గ్లాసు వైపు చూసింది. గ్లాసు ఖాళీగా ఉంది.

దుప్పటి తొలగించింది. చెవిమిషన్ అతని చెవిలోనే ఉంది. వేళ్లు తగలగానే కుయ్‌మంది.

“ఇన్నాళ్లూ లేనిది,” అంది సిస్టరమ్మ, “ఇవాళే వినాలా నీకు?”

దాన్ని చెవిలోంచి లాగింది. ఆ కూత నోరు మూయించాలని గుప్పిట బిగించింది. బిగించేకొద్దీ అది ఇంకా గట్టిగా కూసింది.