మొల గుచ్చే చోటు

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ లేని సందు ఎవరైనా చూపిస్తే వాళ్ళకు దండం పెట్టొచ్చు. ప్రతి మెట్ల దారి మీదా ఒక ఫ్లెక్సీ, ప్రతి ఫ్లెక్సీ మీదా ఒకే రకం నవ్వులు. అలాంటి ఒక సెంటర్ ఇచ్చిన ఇంగ్లీషు మెటీరియల్‌ను సంధ్య నమిలి మింగేసింది. సెంటర్ ఈక్వల్ టు మిడిల్, ఈక్వల్ టు కోర్, ఈక్వల్ టు హబ్, ఈక్వల్ టు హార్ట్. హాస్టల్లో బాత్రూం దగ్గర వరసలో నిలబడి కూడా గొణిగేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గడగడా అప్పజెప్పేది.

కిందటిసారి సర్కారీ ఉద్యోగాల పెద్ద పరీక్షలో చరిత్ర రాసింది, ఎకానమీ రాసింది, వేళ్ళు కొంకర్లు పోయేదాకా రాసింది. ఇంగ్లీషు తప్పింది. ఇంగ్లీషు గట్టెక్కకపోతే మిగతా పేపర్లు దిద్దరు. ఫెయిలయ్యానని కాదు ఆమె ఏడ్చింది. తాను రాసిందంతా ఒక్క మనిషి కూడా చదవకుండానే కట్ట కట్టి మూలన పడేశారని. ఈసారీ అంతే అయితే ఊరికొచ్చి ప్రైవేటు బళ్ళో చేరతానని తండ్రి మొగిలయ్యకు మాటిచ్చి వచ్చింది.

"చిక్కడపల్లిల ఒక మేడం ఉన్నది. తిడ్తది. కాని చెప్తది," అంది రూమ్‌మేట్ భాగ్యశ్రీ.

ఆ మేడం ఆదిలక్ష్మిగారు. తండ్రి ఉద్యోగం కోసం ఆ కుటుంబం కాకినాడ నుంచి వచ్చి చిక్కడపల్లిలో పాతుకుపోయింది. ఆమె మాత్రం ఇక్కడే పుట్టి, ఇక్కడే ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నోరు మంచిది కాదని పేరు. ఆ నోటి కోసమే పిల్లలు ఆమె మెట్లెక్కేవాళ్ళు.

మొదటిరోజే సంధ్య చేత సెంటర్ అనే మాటకు ఉన్న పర్యాయపదాలన్నిటితో వాక్యాలు రాయించారామె. 'ఆటో రోడ్డు కోర్‌లో ఆగింది' అని రాసింది సంధ్య ఇంగ్లీషులో. 'మా నాన్న పొలం హబ్‌లో నిలబడ్డాడు' అనీ రాసింది. ఆదిలక్ష్మిగారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఈ మాటల మధ్య సమానం గీతలు ఎవరు గీశారమ్మా?"

"మా సార్, మేడం."

"లెక్కల్లో గీసుకోమను. మాటలకు సమానం ఉండదు. చుట్టరికం ఉంటుంది. మేనత్త, పిన్ని ఇద్దరూ చుట్టాలే, అలాగని మేనత్తను పిన్నీ అని పిలుస్తావా?"

"పిలువ, మేడం."

"మరి లే. నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి వెళ్ళు. ఒక్కో మాటకి ఒక్కో చోటు వెతుక్కురా. కళ్ళతో చూడనిదేదీ నా దగ్గర రాయకూడదు."

ఇదీ ఆవిడ చదువు చెప్పే తీరు. మాట ఎక్కడ కాపురం ఉంటుందో చూసి రమ్మని బజార్లోకి తోలేసేవారు. ఎండయినా సరే, వానయినా సరే. పిల్లలు తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు.

సంధ్య వెళ్ళింది. లైబ్రరీ ముందు నిలబడింది, చౌరస్తాలో నిలబడింది, డివైడర్ పక్కన నిలబడి బస్సు హారన్‌కు బెదిరి వెనక్కి గెంతింది. ఎటు చూసినా ఆమెకు మిడిలే కనిపించింది. మిగతా మాటలేవీ ఎక్కడా దిగలేదు. చెమటతో, ఉత్త చేతులతో తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"నాకు రాదు మేడం. నాది తెలుగు మీడియం. మా ఇంట్ల ఎవ్వరికీ ఇంగ్లీషు లేదు. ఊకె మిమ్మల్ని పరేషాన్ చేస్తున్న."

ఏడుపు ముంచుకొచ్చింది. ఆదిలక్ష్మిగారు ఊరుకోమనలేదు. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టి, ఆమె పక్కనే గుమ్మం మీద కూర్చున్నారు.

"మీ నాన్నేం చేస్తాడు?"

"వడ్ల పని, మేడం. కట్టెతోని తలుపులు, మంచాలు చేస్తడు. ఇదివరకు బండి గీరెలు గూడ చేస్తుండె."

"బండి చక్రం ఎలా చేస్తాడో చెప్పు. నాకు తెలీదు."

సంధ్య ముక్కు తుడుచుకుంది. ఎందుకడుగుతున్నారో అర్థం కాకపోయినా, అడిగింది తనకు తెలిసిన సంగతి కనుక మాటలు వాటంతటవే వచ్చాయి.

"ముందుగాల చెక్క మీద మొల గుచ్చుతడు, మేడం. దానికి దారం కట్టి గుండ్రంగ గీత గీస్తడు. ఆ మొల వెంట్రుకంత జరిగినా గీత పాడైతది. మొల గుచ్చే చోటు ఒక్కటే ఉంటది."

"ఊఁ."

"చక్రం నడుమ లావు దుంగ ఉంటది. నడుమ నుంచి అంచు దాకా పోయే ఆకుల కట్టెలన్నీ దాంట్లనే దిగ్గొడ్తడు. అన్నీ అండ్లకే వస్తయి. అది వదులైతే గీర మొత్తం ఊడిపోతది."

"చెక్క ఏది తెస్తాడు?"

"తుమ్మ. పైచెక్క పనికి రాదు మేడం, పురుగు తింటది. లోపల నల్లగ చేవ ఉంటది చూడుండ్రి, అదే తీస్కుంటడు. చేవ లేని మొద్దు ఎంత లావున్నా పొయ్యిలకే."

ఆమె చేతులు గాలిలో గీతలు గీస్తున్నాయి, దుంగను తిప్పుతున్నాయి, ఉలి పట్టుకుంటున్నాయి. పొద్దున నోట మాట పెగలని పిల్ల ఇదేనా అనిపించేలా ఉంది. ఆదిలక్ష్మిగారు రెప్ప వాల్చకుండా వింటున్నారు. ఆ ముఖంలో మెచ్చుకోలు దాచుకుందామన్నా దాగలేదు.

"మొల గుచ్చే చోటు సెంటర్," అన్నారామె మెల్లగా. "అది చుక్క. వెంట్రుకంత జరగడానికి వీల్లేదని నువ్వే చెప్పావు. నువ్వు రోడ్డు మీద నిలబడ్డది మిడిల్. అక్కడ అటో అడుగు ఇటో అడుగు వేసినా ఎవరూ ఏమనరు. ఆకులన్నీ వచ్చి చేరే దుంగ హబ్. మరి చేవ?"

సంధ్య చాలా చిన్నగా, "కోర్," అంది.

"ఇంకా రాదంటావా? నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వాటి ఇంగ్లీషు పేర్లు ఎవరూ పరిచయం చెయ్యలేదు, అంతే. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను, హబ్ అనే మాటను ఇంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేదు. సిగ్గు లేకుండా రేపట్నుంచి ఇదే చెప్తాను."

మెచ్చుకోవడానికి కూడా ఇంత పెద్ద మనసు కావాలని సంధ్యకు అప్పుడు తెలిసింది. ఆ క్షణం నుంచి ఆదిలక్ష్మిగారంటే భయం పోలేదు గానీ, భయం కన్నా పెద్దదేదో వచ్చి కూర్చుంది.

పరీక్ష వచ్చింది. వాక్యాలు రాయమని ఇచ్చిన మాటల్లో ఇవేవీ లేవు, వేరేవి ఇచ్చారు. సంధ్య ఒక్కో మాటనూ, 'నిన్ను నేను యాడ చూసిన?' అని అడుగుతూ కూర్చుంది. చూసిన చోటునే రాసింది. కల్లంలో వడ్ల కుప్ప గురించి, తల్లి లక్ష్మవ్వ మోకాళ్ళ నొప్పి గురించి, హాస్టల్ వార్డెన్ పిసినారితనం గురించి, చిన్న చిన్న వాక్యాలు. బయటికి వచ్చాక ఆమె చదివిన కోచింగ్ సెంటర్‌లోనే చదివిన క్రాంతికుమార్ తాను రాసిన వాక్యాలు వినిపించాడు. ఒక్కోటి రథంలా ఉంది.

"నువ్వేం రాసినవ్ అక్కా?"

"మా అమ్మ మోకాళ్ళు," అంది సంధ్య. అతను జాలిగా చూశాడు. ఆ చూపు ఆమెను ఫలితాలు వచ్చేదాకా నిద్ర పోనివ్వలేదు.

ఫలితాలు వచ్చిన పొద్దున చిక్కడపల్లి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. ఆదిలక్ష్మిగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఎవరో కొత్తమ్మాయిని చివాట్లు పెడుతున్నారు. సంధ్య ముఖం చూసి సగంలో ఆపేశారు.

"ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చింది మేడం. కాని అది గాదు." ఊపిరి అందడం లేదు. "మార్కులు పెట్టిండ్రు మేడం. చరిత్రకు పెట్టిండ్రు, ఎకానమీకి పెట్టిండ్రు. నేను రాసింది అంతా చదివిండ్రు."

అంతే అనగలిగింది. ఆదిలక్ష్మిగారు కుర్చీలోంచి లేచారు. విద్యార్థి వస్తే ఎన్నడూ లేవని మనిషి, లేచి నిలబడి, రెండు చేతులూ చాచారు.