పదికి పది

మూడోసారి కూడా బిల్లు మిషను మొరాయించిందని కౌంటరు అమ్మాయి అనేసరికి దర్జీ మెడలో వేలాడుతున్న కొలతల టేపును వేలికి చుట్టుకుంది. చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది.

చేసేది ఆమెకు ఈమధ్యే ఫోనులో పని ఇచ్చిన మేనేజరు. ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. మామూలు మనిషిలా షాపుకెళ్ళి గిఫ్టు కార్డులు కొనాలి, వాటి నంబర్లు గీకి అతనికి పంపాలి, కౌంటరు మనిషి మర్యాదకు పదికి ఇన్నని మార్కులు వెయ్యాలి, ఎవరితోనూ అనకూడదు. అదీ ఉద్యోగం. కార్డుల కోసం అతను పంపిన చెక్కును నిన్ననే బ్యాంకులో వేసింది.

"మిషను బాగానే ఉందక్కా, నేనే బిల్లు కొట్టట్లేదు," కౌంటరు అమ్మాయి గొంతు తగ్గించింది. "ఎవరైనా చెక్కు పంపి ఇన్ని కార్డులు కొనమన్నారా?"

దర్జీ తలూపింది.

"మా పిన్నీ ఇలాగే మునిగింది. డబ్బు ఖాతాలో కనబడినా అది దొంగ చెక్కు, నాలుగు రోజులకి వెనక్కొస్తుంది. ఈలోగా నంబర్లు వాడికి చేరిపోతాయి. పోయేది మీ డబ్బే. నిజంగా పనిచ్చేవాడు ఇలా కొనిపించడు."

కొత్త కుట్టుమిషను కోసం ఏడాదిగా కూడబెట్టిందంతా ఆ ఖాతాలోనే ఉంది. దర్జీ కార్డులు వెనక్కి నెట్టి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"నా నోటికాడి కూడు నిలబెట్టావు తల్లీ. నీ రుణం ఎలా తీర్చుకోను?"

"ముందు బ్యాంకుకెళ్ళి చెప్పండి. తర్వాత నా చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టండి, చాలు."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి దర్జీ ఎత్తింది.

"ఇంతసేపా? ఆ కౌంటరు మనిషికి సున్నా వెయ్యండి," అన్నాడతను.

"పదికి పది వేశానండీ," అంది దర్జీ, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. "ఇంకో ముక్క కూడా రాసుకోండి మేనేజరు గారూ. దొంగవి నువ్వే."