నెట్‌వర్క్ పోలేదు

"ఏమే, నీ పాఠం ఎక్కడికీ పారిపోదు గానీ, ముందు టీ తే."

రోజూ ఇదే మాట. మా ఆయన సెమ్వొగెరెరే పిలవగానే ఫోన్‌లో ఉన్న ముప్పైమంది పిల్లలకూ "ఒక్క నిమిషం" అని చెప్పి మైకు ఆపేస్తాను. టీ మోకరిల్లి ఇవ్వాలి. మా మసాకా ఊళ్లో మొగుడికి నిలబడి టీ ఇచ్చిన ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. మోకాళ్లు నేలకు ఆనగానే కెమెరాలో నేనుండను, వెనక కర్టెను మాత్రం ఉంటుంది.

లేచి "నెట్‌వర్క్ పోయింది" అంటాను. అత్తగారికి మంచినీళ్లిస్తే పోతుంది, మామగారి తమ్ముడొస్తే పోతుంది. "ఇల్లు బడి అయినంత మాత్రాన కోడలు కోడలు కాకుండా పోతుందా?" అంటుంది అత్తగారు.

బడి మూసి ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు అందరికంటే నేనే సంబరపడ్డాను. తరగతిలో నోరు విప్పని నకితెందె అనే పిల్ల, పల్లెలో పెదనాన్న ఇంటినుంచి చేయెత్తి మరీ లెక్క చెప్పేది. ఆరు మైళ్ల నడక లేదు, మగపిల్లల వెక్కిరింతలు లేవు. ఈ పిల్ల ఇంజనీరవుతుందని ఆశపడ్డాను. నాకు దక్కనిది దానికైనా దక్కాలని.

నిన్న సమీకరణం సగంలో ఉండగా దాని వెనకనుంచి "ఏయ్ పిల్లా, నీళ్లు!" అని మగ గొంతు. నకితెందె తెరమీంచి కిందికి దిగిపోయింది. గోడ మీద కేలండరు మాత్రం గాలికి రెపరెపలాడుతూనే ఉంది. నెట్‌వర్క్ పోతే బొమ్మ ఆగిపోతుంది, కేలండరు కదలదు. ఆ లెక్కన రోజూ కదిలే మా కర్టెనూ కదలకూడదు.

కాసేపటికి పైకి లేచి, "నెట్‌వర్క్ పోయింది మేడమ్" అంది, అచ్చం నాలాగే. ఒక్కరూ నవ్వలేదు. అంటే అందరికీ ఎప్పట్నుంచో తెలుసు. మూడు నెలల్లో లెక్కలెంత నేర్పానో గానీ, ఈ అబద్ధం మాత్రం బాగా నేర్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సమీకరణం అలాగే సగంలో ఆగిపోయింది.

ఇవాళా ఆయన పిలిచాడు. ఇవాళా మోకరిల్లాను. కాళ్లు నా మాట వినవు, వాటి అలవాటు వాటిది. లేచి, మైకు వేశాను.

"నెట్‌వర్క్ పోలేదమ్మా. ఏ రోజూ పోలేదు. అప్పుడల్లా మోకాళ్ల మీద ఉన్నాను."

తెరమీద నకితెందె తల దించుకుంది. మా ఆయన కప్పు బల్లమీద కొట్టినట్టు పెట్టాడు.

"ఏమన్నావే? మళ్లీ అను!"

మైకు ఆపలేదు నేను.